బోరు మోటారు: 240 × 8.5 చేస్తే 2040 వాట్లే, మరి 5 హెచ్‌పీ ఎక్కడ పోయింది?

పాలమూరు రైతుబిడ్డ: పొద్దున్నుంచీ ఈ లెక్కతో బుర్ర తిరిగిపోతోంది. మోటారు అరగంట నడిచి ట్రిప్పవుతోంది. వోల్టేజి 240, క్లాంపు మీటరులో 8.5 యాంపులు. గుణిస్తే 2040 వాట్లు. ప్లేటు మీద 5 హెచ్‌పీ (హార్స్‌పవర్) అని ఉంది, ఒక్కోటి 746 వాట్లు, అంటే 3730 రావాలి కదా? ఇంకోటి, 240ని 8.5తో భాగిస్తే 28 ఓమ్‌లు. మల్టీమీటరు పెడితే 4 చూపిస్తోంది. వైండింగ్ షాపులో నాసిరకం తీగ చుట్టారా? ఎవరైనా సూటిగా చెప్పండి.

స్టార్టర్ సుధాకర్: ఆటో స్టార్టర్ (మోటారును తనంతట తనే లేపేది) ఉందా? ముందు అది పీకేయండి. 2018 జనవరి 1న తెలంగాణలో చేలకు 24 గంటల కరెంటు మొదలైన రోజే తీసేయాల్సింది. కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏం కావాలి?

రైతుబిడ్డ: అన్నా, నేనడిగింది అది కాదు.

వైండింగ్ బాబాయ్: వైర్లు ఎన్ని?

రైతుబిడ్డ: మూడు. చేలో బోరుకు త్రీఫేజు కాక ఇంకేముంటుంది?

బాబాయ్: అది ముందే చెప్పాలి. 3తో గుణించు.

లెక్కల మాస్టారు: అంతటితో అయిపోదు బాబాయ్ గారూ. 240 ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య కొలిచింది కాబట్టి 3 × 240 × 8.5 = 6120. ఇవి వాట్లు కావు, వోల్ట్ యాంపియర్లు. పవర్ ఫ్యాక్టర్, అంటే అందులో నిజంగా వాట్లయ్యే వాటా, 0.8 అనుకుంటే మోటారు లాగేది సుమారు 4900 వాట్లు. ప్లేటు మీది 5 హెచ్‌పీ షాఫ్టు దగ్గర ఇచ్చేది. మిగతాది వేడికీ రాపిడికీ పోతుంది. ఇక ఆ 28 తీగ రెసిస్టెన్స్ కాదు, ఇంపిడెన్స్, అంటే నడిచే మోటారు కరెంటుకు చూపే మొత్తం అడ్డు. తిరిగే మోటారు తనే ఎదురు వోల్టేజి పుట్టించి కరెంటును ఆపుతుంది. మల్టీమీటరు తన బ్యాటరీతో కొలుస్తుంది, దానికి కనపడేది రాగి తీగ ఒక్కటే. భాగించేస్తే సరిపోయేది ఇస్త్రీపెట్టెకు, హీటరుకు.

సుధాకర్: ఇంపిడెన్స్ గింపిడెన్స్ రైతుకెందుకు సార్? కెపాసిటర్ పెడితే యాంపులు తగ్గుతాయి, అంతే.

మాస్టారు: కెపాసిటర్‌కు వెనక, ట్రాన్స్‌ఫార్మర్ వైపు లైనులో తగ్గుతాయి, మోటారు లోపల కాదు. ట్రిప్పుకూ దానికీ సంబంధమే లేదు.

సుధాకర్: మా ఊళ్ళో పెట్టి చూపిస్తా రండి.

బాబాయ్: మీ గొడవ తర్వాత. తమ్ముడూ, మెయిన్ దించి, స్టార్టర్ నుంచి మోటారు వైర్లు మూడూ ఊడదీసి, రెండేసి చొప్పున కొలువు.

రైతుబిడ్డ: ఎరుపు పసుపు 5. పసుపు నీలం 5. ఎరుపు నీలం 4.1.

బాబాయ్: పసుపు వైరు జాయింటు చూడు. ముందు బోరు మూతి దగ్గర. మోటారు పైకి లాగే తొందర వద్దు.

మాస్టారు: 0.9 ఓమ్ ఎక్కువుంది. 8.5 × 8.5 × 0.9 అంటే దాదాపు 65 వాట్ల వేడి ఆ ఒక్క జాయింటులోనే! ఫేజులు సమంగా లేకపోతే మిగతా వైర్లలో కరెంటు పెరిగి స్టార్టర్‌లోని రిలే పడి మోటారును ఆపేస్తుంది. మూడు వైర్లకూ క్లాంపు పెట్టారా?

రైతుబిడ్డ: ఒక్కదానికే పెట్టా సార్. మిగతావీ అంతే ఉంటాయనుకున్నా.

బాబాయ్: పసుపుకే పెట్టి ఉంటావు.

రైతుబిడ్డ: టేపు విప్పితే రాగి నల్లగా మాడిపోయి ఉంది. కోసి మళ్ళీ కలిపా, గంట నుంచి నడుస్తోంది. థ్యాంక్స్ బాబాయ్. యాంపులు రేపు చూస్తా, మీటరు పక్క చేను వాళ్ళది, తీసుకుపోయారు.