వారం వంట పట్టిక బుధవారం దాటడం లేదు: సడలింపు ఎక్కడ ఉంచుకోవాలి?

ప్రశ్న

మా ఇంట్లో ఐదుగురం ఉంటాం. వారానికి ఒకసారి కూర్చుని, ఏ రోజు ఏం వండాలో రాసుకుని, దాన్నిబట్టే సరుకులు తెచ్చుకుంటాం. అయితే చాలా వారాల్లో ఆ పట్టిక బుధవారం దాటదు. ఒకరికి ఆఫీసులో ఆలస్యమవుతుంది, పిల్లలు బయట ఏదో తిని వచ్చి ఆకలి లేదంటారు, మంగళవారం వంట గురువారానికి జరుగుతుంది, ఈలోగా గురువారం కోసం తెచ్చిన ఆకుకూర పసుపు రంగుకు తిరుగుతుంది. పట్టికే వద్దనుకుంటే, రోజూ సాయంత్రం ‘ఈ పూటకి ఏం చేద్దాం’ అన్న చర్చ మొదలవుతుంది. మా ఇంట్లో వంట బాధ్యత ఒక్కరిది కాదు. ఎవరు ముందు ఇల్లు చేరితే వారే పొయ్యి వెలిగిస్తారు. రోజులు అటూఇటూ అయినా చెదిరిపోని పద్ధతినీ, అందుకు తగినట్టు ఫ్రిజ్, అల్మరాలు సర్దుకునే తీరునూ అనుభవం ఉన్నవారు తెలుపగలరు.

మొదటి జవాబు

మీ పట్టికలో లోపం వంటకాల్లో లేదండీ, వాటికి వారాల పేర్లు తగిలించడంలో ఉంది. రోజును బట్టి కాక, ఏది ముందు పాడవుతుందో ఆ వరుసను బట్టి రాసుకోండి. ఆకుకూరలు, పుట్టగొడుగులు, తాజా చేపలు తెచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే వాడాలి; బీన్స్, కాలీఫ్లవర్ వంటివి ఆ తరువాత; క్యాబేజీ, క్యారెట్ వారం చివరి వరకూ ఆగుతాయి. ఉల్లి, బంగాళాదుంప, గుడ్లు, ఎండు పప్పుదినుసులు ఏ రోజుకైనా ఆదుకుంటాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకుండా నిల్వలోనే ఉంచండి. ఒక రోజు వంట తప్పిపోతే వరుస మొత్తం ఒక మెట్టు వెనక్కి జరుగుతుందే తప్ప కూలిపోదు.

ఏడు రాత్రులకు ఏడు వంటకాలు రాయడం కూడా నా దృష్టిలో అత్యాశే. నాలుగు రాసి, ఒక రాత్రి మిగిలినవాటికి, ఒక రాత్రి అల్మరాలో ఉన్నవాటికి వదిలి, ఇంకొకటి ఖాళీగానే ఉంచండి. ప్రతి వంటకం పక్కన అది పట్టే సమయం రాస్తే, ఆలస్యంగా వచ్చినవారు గంట పట్టే పనిని పక్కనపెట్టి, ఇరవై నిమిషాల పనిని ఎంచుకోగలుగుతారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో సుమారు 60 శాతం ఇళ్లలోనిదే.

రెండవ జవాబు

పైవారు చెప్పిన వరుస బాగుంది. అయితే ఇలాంటి ప్రశ్నకు, సెలవు రోజున వారానికి సరిపడా వండి డబ్బాల్లో పెట్టుకోమని చెప్పేవారు తప్పక వస్తారు కాబట్టి ముందే ఒక మాట. వండిన పదార్థాలు ఫ్రిజ్‌లో 3 నుంచి 4 రోజులకు మించి ఉంచదగినవి కావు. ఆదివారం వండినది శుక్రవారం తినాలనుకుంటే దాన్ని మొదటి రోజే మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకి పంపాలి. పూర్తి వంటకాల కన్నా సగం పనులు చేసి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం: ఉడికించిన శనగలు, వేయించిన ఉల్లిపాయలు, కడిగి తడి ఆరబెట్టిన కూరగాయలు ఉంటే, ఎవరు వచ్చినా ఆ పూట ఉన్నవారి సంఖ్యకు తగినంతే వండుకోవచ్చు. పూర్తయిన వంటకం ఒక్క రుచికే కట్టుబడి ఉంటుంది; ఉడికిన శనగలు కూరలోనూ సలాడ్‌లోనూ సూపులోనూ ఒదుగుతాయి.

అన్నం విషయంలో మాత్రం ప్రత్యేక జాగ్రత్త అవసరం. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గది వేడిమిలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషపదార్థాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. అందుకే ఆలస్యంగా వచ్చేవారి కోసం గిన్నె పొయ్యి మీదే వదిలేసే అలవాటు ఉంటే మానుకోవాలి. ఏ వంటకమైనా రెండు గంటల లోపల ఫ్రిజ్‌లోకి చేరాలి, ఫ్రిజ్ 4 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువలో ఉండాలి, తిరిగి వేడిచేసేటప్పుడు లోపలి భాగం 74 డిగ్రీలకు చేరాలి.

మూడవ జవాబు

సర్దుబాటు గురించి. కొత్త డబ్బాలు కొనడంతో మొదలుపెట్టకండి. అవి కూడా సర్దవలసిన వస్తువులే అవుతాయి. కళ్లకు ఎదురుగా ఉండే అరలో ఒక ట్రే పెట్టి, ముందుగా వాడవలసినవన్నీ అందులోనే ఉంచండి. ముందు ఇల్లు చేరినవారు మొదట చూడవలసింది ఆ ట్రేనే, పట్టికను కాదు. ప్రతి డబ్బా మీద అంటించే టేపు ముక్క మీద పదార్థం పేరు, వండిన తేదీ రాయండి. పచ్చి మాంసం, చేపలు అన్నిటికన్నా కింది అరలో ఉంటే వాటి నీరు ఇతర పదార్థాల మీద కారదు. తలుపు అరలు తరచూ వేడెక్కుతాయి కనుక పాలు అక్కడ పెట్టవద్దు.

మీ ఆకుకూర పసుపు రంగుకు తిరగడానికి ఆలస్యం ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఆపిల్, పండిన అరటి, టమాటా విడుదల చేసే ఇథిలీన్ వాయువు పక్కనున్న ఆకులను త్వరగా ముదిరిపోయేలా చేస్తుంది. వాటిని వేరు చేసి చూడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పండ్లూ ఆకుకూరలూ ఒకే అరలో ఉంచుతున్నాం, ఈ రోజే మారుస్తాం. ఒక్క సందేహం: రెండు గంటల లోపల అంటే, వేడి తగ్గకముందే ఫ్రిజ్‌లో పెట్టవచ్చా?

రెండవ జవాబు ఇచ్చినవారు

పెట్టవచ్చండీ, కానీ పెద్ద గిన్నెతో వద్దు. అది లోపల గంటల తరబడి వేడిగానే ఉండి, చుట్టూ ఉన్నవాటినీ వేడెక్కిస్తుంది. లోతు తక్కువ ఉన్న పాత్రల్లోకి పంచి, ఆవిరి పోయాక మూత పెట్టండి. పులుసు వంటి పలుచనివైతే గిన్నెను చన్నీళ్లలో ఉంచి కాసేపు కలిపితే ఇంకా త్వరగా చల్లారుతుంది.