దున్నపోతు తిన్న మేతకూ పెద్దకూర మెత్తదనానికీ సంబంధం ఎంత?

ప్రశ్న: పరకాల వైపు పాడి రైతు

అందరికీ నమస్కారం. నాకు ఐదు పాడి బర్రెలున్నాయి. కొన్నేళ్ల క్రితం ఒకే నెలలో రెండు దున్నదూడలు పుడితే, ఒకదాన్ని మా బావమరిదికి ఇచ్చి, ఒకదాన్ని నేనే ఉంచుకున్నాను. నాది వరి గడ్డి, పొలం గట్ల మీది మేత, ఇంటి కుడితితో పెరిగింది. ఆయన దాన్ని కొట్టంలోనే కట్టేసి పచ్చి మక్కచొప్ప, మక్కల పిండి, తౌడు, పత్తి చెక్క పెట్టాడు. ఆయన దున్న రెండేళ్లు దాటగానే అమ్ముడుపోయింది. నాది ఆ బరువుకు వచ్చేసరికి నాలుగో ఏడు నడుస్తోంది. పైగా అంగడిలో కొన్నాయన దాని పొట్ట మీద చెయ్యి వేసి, ఇదంతా గడ్డి బరువేనని ధర తగ్గించాడు.

రెండింటి కూరా మా ఇంట్లో వండుకున్నాం. ఆయన దున్న కూర కుక్కర్లో నాలుగు విజిళ్లకు ఉడికింది, నాది ఎనిమిది వచ్చినా నారలు నారలుగానే ఉంది. ఈ తేడా మేత వల్ల వచ్చిందా, మరేదైనా కారణం ఉందా? కొవ్వు పసుపు రంగులో ఉంటేనే పశువు పచ్చిమేత తిన్నట్లని మా పక్కింటాయన అంటాడు, కానీ రెండింటి కొవ్వూ తెల్లగానే ఉంది. ఇకమీదట దున్నదూడలను వదిలేయకుండా పెంచుదామని అనుకుంటున్నాను కాబట్టి తెలిసినవారు వివరించగలరు.

జవాబు: మామునూరులో పశువైద్యం చదువుతున్న విద్యార్థి

ముందు కొవ్వు సంగతి చెబుతాను. పచ్చిమేతలోని పసుపు పదార్థమైన బీటా కెరోటిన్‌ను ఆవు కొంతవరకే విటమిన్ ఎ గా మార్చుకుంటుంది, మిగిలినది దాని కొవ్వులోనూ వెన్నలోనూ చేరుతుంది. బర్రె దాన్ని దాదాపు పూర్తిగా మార్చేసుకుంటుంది కాబట్టి, ఏడాదంతా పచ్చగడ్డి మేసినా దాని కొవ్వు తెల్లగానే ఉంటుంది. మీ పక్కింటాయన చెప్పిన గుర్తు ఆవుకు పనికొస్తుంది, బర్రెకు పనికిరాదు.

ఇక మెత్తదనం విషయానికొస్తే, అక్కడ మేత చేసే పని నేరుగా కాక వయసు ద్వారా జరుగుతుందన్నది నా అభిప్రాయం. కండను కట్టి ఉంచే కొల్లాజెన్ పోగుల మధ్య వయసుతో పాటు ముడులు గట్టిపడుతూ పోతాయి. లేత పశువులో ఆ పోగులు వేడికి కరిగి జిగురుగా మారతాయి, ముదిరిన పశువులో ఎంతసేపు ఉడికించినా అంత తేలిగ్గా కరగవు. వరి గడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే ఉంటాయి. మొదటి పొట్టలోని సూక్ష్మజీవులు సరిగ్గా పనిచేయాలంటే మేత మొత్తంలో కనీసం 7 శాతమైనా ఉండాలి. అంతకు తక్కువైతే గడ్డి అరగక పొట్టలోనే నిలిచిపోతుంది, దాంతో పశువు ఇంకా మేయలేక ఎదగదు. అంగడిలో ఆయన చెయ్యి వేసి చూసింది సరిగ్గా దాన్నే. బర్రె జాతిలో తోలు, తల బరువు ఎక్కువ కాబట్టి మంచి మేత మేసిన దున్నకే మాంసం దిగుబడి బతికున్న బరువులో సగం దాకా ఉంటుంది. పొట్ట నిండా గడ్డి ఉన్నదానికి ఇంకా తగ్గుతుంది. సరైన దాణాతో రోజుకు 500 నుంచి 600 గ్రాములు పెరిగే దూడ, రెండేళ్లకే చేరే బరువును ఒట్టి గడ్డితో నాలుగేళ్లకు చేరింది, ఆ రెండేళ్ల తేడాయే మీ కుక్కర్లో కనిపించింది.

మేత నేరుగా మార్చేవి కూడా కొన్ని ఉన్నాయి. దాణా తిన్నదానికి కండ లోపల కొవ్వు కాస్త పెరుగుతుంది, అయినా బర్రె మాంసంలో అది మామూలుగా 1, 2 శాతం దగ్గరే ఉంటుంది కాబట్టి రుచిలో మరీ పెద్ద మార్పు ఆశించవద్దు. పచ్చిమేత తిన్నదానిలో ఒమేగా 3 కొవ్వులు ఎక్కువ, విటమిన్ ఇ కూడా ఎక్కువ. ఆ విటమిన్ వల్ల కోసిన మాంసం ఎరుపు పోయి గోధుమ రంగుకు తిరగడం ఆలస్యమవుతుంది.

జవాబు: హనుమకొండ మాంసం దుకాణదారు

తమ్ముడు చెప్పినది నిజమే, కానీ రెండేళ్లు పెట్టిన మేతను చివరి ఒక్క రోజు పాడుచేయగలదు. అంగడిలో పొద్దంతా ఎండలో కట్టేసి, నీళ్లు పెట్టకుండా, కొత్త పశువులతో కలిపి డీసీఎం వ్యానులో కుక్కి తెస్తే, అవి దారంతా పొడుచుకుంటూ, జారుతూ, బెదురుతూ వస్తాయి. కండలో దాచుకున్న చక్కెర లాంటి పదార్థం ఆ పెనుగులాటలోనే ఖర్చయిపోతుంది. కోసిన తర్వాత మాంసంలో రావలసిన పులుపు అప్పుడు రాదు. మంచి మాంసం కోయగానే ఊదా రంగులో ఉండి, గాలి తగిలిన అరగంటలో ఎర్రబడుతుంది. ఇలాంటిది నల్లగానే ఉండిపోయి కత్తికి బంకలా అంటుకుంటుంది, తొందరగా వాసన కూడా వేస్తుంది. కొన్నవాళ్లు చూసి ముసలి పశువని మమ్మల్ని తిడతారు, కానీ అది వయసు మాట కాదు. పోయిన పదార్థం ఒక్క రాత్రిలో తిరిగి రాదు, పచ్చిమేత పెట్టి కొన్ని రోజులు కుదురుగా ఉంచాలి.

ఇంకొక విషయం ఏమిటంటే, మా దగ్గర వేడివేడి మాంసం తీసుకుపోయి నేరుగా ఫ్రిజ్‌లో, అదీ ఐసు గదిలో పెట్టేవాళ్లున్నారు. కోసిన తర్వాత కండ దానంతట అది బిగుసుకుంటుంది, అది పూర్తికాక ముందే చల్లబడిన కండ ముడుచుకుపోయి గట్టిపడుతుంది. బక్క పశువు మాంసం మీద కొవ్వు పొర ఉండదు కాబట్టి అది ఇంకా త్వరగా చల్లబడుతుంది. మీ దున్న కూర అలా ఫ్రిజ్‌లో పెట్టి వండినదైతే, తప్పంతా గడ్డి మీద వేయడం న్యాయం కాదు.

జవాబు: జనగామ వైపు రైతు

నాది కొంచెం వేరే మాట. మక్కలు అమ్ముకునే రైతు వాటిని దున్నకు పెడితే లెక్క ఎక్కడ తేలుతుంది? మా దగ్గర యాసంగి వరి కోత కాగానే హార్వెస్టర్ వదిలిన గడ్డిని కొందరు తగలబెడుతున్నారు. ఆ గడ్డికే యూరియా పట్టించడం నయమని నేను మూడేళ్లుగా చేసి చూశాను. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరబడకుండా పాలిథిన్ కప్పి మూడు వారాలు ఉంచితే, మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి, గడ్డి కూడా మెత్తబడుతుంది. దానితో పాటు పచ్చిమేత, పిడికెడు ఖనిజ లవణాలు, రోజుకు కిలో, కిలోన్నర దాణా చాలు. దాణాలో మక్కల బదులు మనకు దండిగా దొరికే పత్తి చెక్క ఎక్కువగా వాడవచ్చు, కానీ చిన్న దూడలకు మాత్రం పెట్టకూడదు. ఆరు నెలలలోపు దూడకు యూరియా గడ్డి కూడా వద్దు. దాణా పెంచేటప్పుడు వారం, పది రోజుల మీద పెంచండి. కట్టు తెంచుకుని ఒక్క రాత్రి మక్కల కుప్ప మీద పడి తిన్న దున్నను పుల్లటి కడుపుతో పోగొట్టుకున్నవాణ్ని నేను.

అమ్మేటప్పుడు చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. 1977 నాటి గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం ప్రకారం ఆవు దూడతో పాటు బర్రె దూడను కూడా కోయకూడదు. పెరిగిన దున్నకైనా సేద్యానికి గానీ సంతతికి గానీ అక్కరకు రాదని ధ్రువపత్రం ఉండాలి.

ప్రశ్న వేసిన పరకాల రైతు

అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో అడిగితే, మా దున్న కూరను తెచ్చిన గంటలోనే ఐసు గదిలో పెట్టినట్లు తేలింది. బావమరిది దున్న కూరను మాత్రం తెచ్చిన పూటే వండాము. అంటే నా పోలికలోనే లోపం ఉంది, వయసు తేడా ఎంత, ఫ్రిజ్ తేడా ఎంత అన్నది ఇప్పుడు విడదీయలేను. అయినా యూరియా గడ్డి వేయడానికే నిశ్చయించుకున్నాను. ఒక్కటే సందేహం. ఇంతకు ముందు మా ఊళ్లో ఒకరు ఇలాగే చేస్తే, ఘాటు వాసనకు బర్రెలు మూతి తిప్పుకున్నాయి. దానికేం చేయాలి?

జనగామ వైపు రైతు

రేపు పెట్టాల్సిన గడ్డిని ఇవాళ సాయంత్రమే తీసి పలుచగా పరిచి ఉంచండి, తెల్లారేసరికి ఘాటు పోతుంది. మొదటి నాలుగైదు రోజులు పచ్చి చొప్పలో కొద్దికొద్దిగా కలిపి పెట్టండి. గడ్డి తీసిన ప్రతిసారీ కుప్పను మళ్లీ గట్టిగా కప్పండి. యూరియా కలిపిన నీళ్ల బకెట్టు మాత్రం పశువుల మూతికి అందేచోట పెట్టకండి, దాహం మీద తాగితే ప్రాణానికే ముప్పు.