కంట్రోల్ ఎస్ కొట్టాక ఫైల్ 0 కేబీ అయితే తప్పెవరిది?

టోపాలజీ_తిప్పలు:
మొన్న రాత్రి జరిగింది చెప్తా, తప్పెవరిదో మీరే తేల్చండి. ఒక గేమ్‌కి బాస్ క్యారెక్టర్ 3డీ మోడల్ చేస్తున్నా. హై పాలీ (వివరాలన్నీ ఉన్న బరువైన మోడల్) అయిపోయింది, రీటోపో (దాన్ని తేలిగ్గా మళ్లీ కట్టడం) అయిపోయింది, ఒక్క చేతివేళ్ల దగ్గర ఎడ్జ్ లూప్స్ (మోడల్ చుట్టూ తిరిగే గీతల వరసలు) సర్దడానికే రోజంతా పట్టింది, యూవీ ఐలాండ్స్ (రంగులు వేయడానికి విప్పి పరిచిన ముక్కలు) ప్యాక్ చేస్తూ అలవాటుగా కంట్రోల్ ఎస్ కొట్టా. సేవ్ బార్ సగం దాకా వచ్చి ఆగింది, విండో తెల్లబడింది, దానంతటదే మూసుకుపోయింది. పోతే చివరి పది నిమిషాలు పోతాయిలే అని మళ్లీ తెరవబోతే ఫైల్ సైజ్ 0 కేబీ. నాలుగు రోజుల పని. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను, చెప్తే చర్చంతా ఏది గొప్ప అన్నదాని మీదకి పోతుంది. బగ్ రిపోర్ట్ పెట్టా, క్రాష్ అయ్యే ఫైల్ పంపమన్నారు, ఆ 0 కేబీ ఫైలే పంపా, "మా దగ్గర ఆ సమస్య రావట్లేదు" అని మూసేశారు. ఇది నా తప్పా, వాళ్లదా?

రిగ్గింగ్_రాక్షసుడు:
ముందు ఒకటి చెప్పు తమ్ముడూ. ఫైల్‌కి వెర్షన్ నంబర్లు వేశావా లేదా? 01, 02, 03 అని? నాలుగు రోజులూ ఒకే ఫైల్ మీద సేవ్ కొడుతూ కూర్చున్నావంటే బగ్ గురించి మాట్లాడే ముందు మాట్లాడాల్సింది వేరే ఉంది.

టోపాలజీ_తిప్పలు:
అన్నా నేను అడిగింది అది కాదు. నేను సేవ్ చేశా. సేవ్ చేయడం వల్లే పోయింది. చేయకుండా ఉంటే పొద్దున్న చేసిన ఫైలన్నా మిగిలేది.

ఎన్‌గాన్:
గిట్ వాడండి, పాత వెర్షన్లన్నీ దాచిపెట్టే టూల్

రిగ్గింగ్_రాక్షసుడు:
వేశావా లేదా అన్నదానికి జవాబు రాలేదు.

నార్మల్_తిరగబడింది:
రాక్షసుడు గారూ, ఆయన చెప్పేది ఒకసారి వినండి. ప్రోగ్రామ్ పాత ఫైల్‌ని ముందే ఖాళీ చేసి, దాంట్లోకే కొత్తది రాయడం మొదలుపెడితే, మధ్యలో ఆగిపోయినప్పుడు పాతదీ ఉండదు కొత్తదీ ఉండదు, 0 కేబీ అంటే దాదాపు అదే జరిగినట్టు. ఊరికే దొరికే 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ చూడండి, పేరు చివర @ తగిలించి పక్కన వేరే ఫైల్ రాస్తుంది, పూర్తిగా రాశాకే దాన్ని అసలు పేరుకి మారుస్తుంది, అంతకుముందున్నది బ్లెండ్1 అని పక్కన ఉంచుతుంది. మధ్యలో కరెంటు పోయినా పాతది పదిలం. ఇదేం కొత్త విద్య కాదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అది చేయని సాఫ్ట్‌వేర్‌దే తప్పు.

రిగ్గింగ్_రాక్షసుడు:
అదంతా సరే. లోకంలో ఉన్న అన్ని సాఫ్ట్‌వేర్‌లూ అలాగే రాస్తాయని ఎవరన్నా మాటిచ్చారా? మాయా అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఆటోసేవ్ ఆన్‌లో ఉందో లేదో మనమే చూసుకోవాలి. బొమ్మలు చెక్కే జీబ్రష్‌లో టూల్ (ఒక్క మోడల్) సేవ్ వేరు, ప్రాజెక్ట్ సేవ్ వేరు, టూల్ ఒక్కటే సేవ్ చేసి సీన్ మొత్తం ఉందనుకునేవాళ్లని ఎంతమందిని చూశానో. ప్రిఫరెన్సెస్ ఒక్కసారి కూడా తెరవకుండా పని మొదలుపెట్టి, పోయాక ఇక్కడికొచ్చి ఏడుస్తారు. బ్లెండర్ 2002 నుంచి జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉంది, వారంటీ లేదని ఆ లైసెన్సులోనే ఉంటుంది, అదీ పెద్దక్షరాల్లో.

టోపాలజీ_తిప్పలు:
నాది నెలనెలా డబ్బు కట్టి వాడేది. దానికీ అదే మాటా?

రిగ్గింగ్_రాక్షసుడు:
అగ్రిమెంట్ చదువు. చదవకుండా ఒప్పుకున్నాను నొక్కావు కదా.

కంట్రోల్_జెడ్_నా_ప్రాణం:
నాకు వేరే డౌట్. బ్లెండర్‌లో ఏ ఆబ్జెక్ట్‌కీ తగిలించని మెటీరియల్ (వస్తువు పైన కనిపించే రంగు, మెరుపు) ఉంటే, సేవ్ చేసి మూసి మళ్లీ తెరిస్తే అది ఉండదు. షీల్డ్ బొమ్మ నొక్కి ఫేక్ యూజర్ (ఎవరో వాడుతున్నట్టు గుర్తు) పెడితేనే మిగులుతుంది. అది బగ్ కాదు, కావాలని పెట్టిందే. మరి రెండు గంటలు కూర్చుని తుప్పు పట్టిన ఇనుములా కనిపించే మెటీరియల్ చేసుకున్నవాడికి తేడా ఏంటి? రెండింట్లోనూ పోయింది పోయినట్టే కదా.

నార్మల్_తిరగబడింది:
తేడా ఉంది. అది మాన్యువల్‌లో రాసి ఉంది. ఇది ఎక్కడ రాసి ఉంది?

ఎన్‌గాన్:
గిట్ అన్నాను ఎవరూ పట్టించుకోలేదు

నార్మల్_తిరగబడింది:
మామూలు గిట్‌లో ఇలాంటి బైనరీ (టెక్స్ట్ కాని) ఫైల్‌ని మార్చి కమిట్ కొట్టిన (కొత్త వెర్షన్ దాచిన) ప్రతిసారీ దాదాపు ఇంకో పూర్తి కాపీ చేరుతుంది, స్కల్ప్ట్ ఫైల్ ఒక్కోటి జీబీ దాటితే రిపో (అవన్నీ ఉండే ఫోల్డర్) ఏమవుతుందో ఆలోచించండి.

ఎన్‌గాన్:
పెద్ద ఫైళ్ల కోసం గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఉందిగా. రిపోలో పాయింటర్ ఒక్కటే ఉంటుంది, అసలు ఫైల్ బయట

నార్మల్_తిరగబడింది:
ఆ బయట జాగా ఎవరిస్తారు? ఇది వేరే చర్చ, వదిలేయండి.

రిగ్గింగ్_రాక్షసుడు:
మూడోసారి అడుగుతున్నా. నంబర్లు వేశావా?

టోపాలజీ_తిప్పలు:
వేయలేదు! వేయలేదండీ! సంతోషమా? మీరు ఆ కంపెనీలో పనిచేస్తారా ఏంటి? ఒక్కసారన్నా "అయ్యో, అలా ఎలా రాశారు వాళ్లు" అనాలనిపించలేదా మీకు? దొంగతనం జరిగిందని చెప్తే తాళం ఏ కంపెనీది అని అడిగినట్టుంది మీ వరస.

రిగ్గింగ్_రాక్షసుడు:
ఏ కంపెనీలోనూ పనిచేయను. నేనొక యాడాన్ (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రామ్) రాసి ఊరికే ఇస్తున్నా, వెయిట్ పెయింట్ (ఏ ఎముక కదిలితే మోడల్ ఎంత కదలాలో చెప్పేది) ఒక పక్క నుంచి ఇంకో పక్కకి అద్దంలా కాపీ చేసేది. ఉద్యోగం అయ్యాక రాత్రిపూట కూర్చుని చేస్తా. దానికి వచ్చే రిపోర్టులు ఎలా ఉంటాయో తెలుసా? "నీ వల్ల నా పని పోయింది, థాంక్స్." అంతే. ఏ వెర్షన్‌లో, ఏం నొక్కితే, ఏదీ ఉండదు. ఒకాయన కోసం మూడు రాత్రులు వెతికా, నా కోడ్‌లో తప్పే అనుకుని సగం తిరగరాశా, చివరికి చూస్తే ఆయన డిస్క్ నిండిపోయి ఉంది. సారీ కూడా చెప్పలేదు. అందుకే ఎవరైనా నా తప్పేం లేదు అంతా సాఫ్ట్‌వేర్‌దే అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒక నిమిషం. నీ డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది ఆ టైమ్‌కి?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి.

టోపాలజీ_తిప్పలు:
ఇప్పుడే చూశా. అదే డ్రైవ్‌లో బేక్ చేసిన 8కే మ్యాప్‌లు (మోడల్ వివరాలు దాచిన పెద్ద బొమ్మలు), వాటి టెంప్ ఫైళ్లు పేరుకుపోయి ఉన్నాయి. 300 ఎంబీ కూడా లేదు. నా ఫైల్ 900 ఎంబీ పైన.

నార్మల్_తిరగబడింది:
అయినా సరే బగ్గే. జాగా లేదని చెప్పి ఆగాలి, ఉన్నదాన్ని తుడిచేసి కాదు.

రిగ్గింగ్_రాక్షసుడు:
బగ్గే. కాదని నేనెప్పుడూ అనలేదు. రిపోర్ట్‌లో "డిస్క్ నిండుగా ఉంది" అన్న ఒక్క ముక్క ఉంటే వాళ్ల దగ్గరా వచ్చేది. 0 కేబీ ఫైల్ పంపితే అందులో చూడ్డానికి ఏముంది?

టోపాలజీ_తిప్పలు:
అనలేదా? మూడుసార్లు అడిగింది ఒక్కటే ప్రశ్న. మా లీడ్ కూడా పొద్దున్న సరిగ్గా అదే అడిగాడు, మొదటి మాటే అది. నేను సేవ్ కొట్టానని చెప్తే నవ్వాడు. సేవ్ కొడితే ఎలా పోతుంది అన్నాడు, అందరి ముందూ. నాలుగు రోజులూ ఏం చేయలేదు, సాకు చెప్తున్నాడు అనుకున్నారు. మోడల్ మళ్లీ చేస్తా, ఈసారి రెండు రోజుల్లో అయిపోతుంది, లూప్స్ ఎక్కడ పోవాలో తెలుసు కాబట్టి. నేను ఇక్కడ అడిగింది మోడల్ కోసం కాదు.

రిగ్గింగ్_రాక్షసుడు:
సరే. చిన్న డ్రైవ్ ఒకటి తీసుకో, దాన్ని నింపు, ఏదైనా పెద్ద ఫైల్ తెరిచి సేవ్ కొట్టు, స్క్రీన్ రికార్డ్ చెయ్యి. మళ్లీ 0 కేబీ అయితే రిపోర్ట్‌కీ పెట్టు, మీ లీడ్‌కీ పంపు. నాకూ పంపు, నా యాడాన్‌లో ఎక్స్‌పోర్ట్ బటన్ ఒకటుంది, అది ఎలా రాస్తోందో ఇప్పుడు గుర్తు రావట్లేదు, చూడాలి.

కంట్రోల్_జెడ్_నా_ప్రాణం:
😬

రిగ్గింగ్_రాక్షసుడు:
చూశా. నేరుగా పాతదాని మీదే రాస్తోంది. ఎవరూ నవ్వకండి.

ఎన్‌గాన్:
అందుకే గిట్ అన్నా