పెట్రోల్ అంబాసిడర్ (1489 సీసీ): ఫ్యూయల్ ప్రెషర్ నిలవడం లేదు, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
సోలెక్స్ కార్బురేటర్, మామూలు మెకానికల్ పంపు ఉన్న బండి. పంపుకీ కార్బురేటర్‌కీ మధ్య టీ జాయింట్ వేసి 0–15 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) గేజి పెట్టాను. పెట్రోలు లోపలికి రాకూడదని గేజిని ముందు అద్దం బయటే కట్టాను. చల్లగా ఉన్నప్పుడు ఐడిల్‌లో ముల్లు 2.5 దగ్గర వణుకుతూ ఉంటుంది. 60 స్పీడులో పది నిమిషాలు పోయినా, ఘాట్ ఎక్కినా 1 కిందికి పడిపోయి బండి ముక్కుతోంది. ఆపి కాసేపు ఆగితే మళ్లీ మామూలే. వేడి మీద ఇంజన్ ఆపితే మాత్రం ముల్లు 4 దాటుతుంది, పెట్రోలు వాసన వస్తుంది. పంపుకి కొత్త డయాఫ్రం (పెట్రోలుని లాగి నెట్టే పలచని పొర) కిట్ వేయించాను, ఫిల్టర్ మార్చాను. ప్లగ్గులు, పాయింట్లు బాగున్నాయి. ఎలక్ట్రిక్ పంపు పెట్టేయమంటున్నారు. పెట్టొచ్చా?

జవాబు 1:
ఇప్పుడే పెట్టకండి. ముల్లు వణకడం జబ్బు కాదండీ. క్యామ్ (ఇంజన్‌తో తిరుగుతూ పంపుని ఆడించే గుబ్బ) తట్టిన ప్రతిసారీ డయాఫ్రం పెట్రోలుని లాగుతుంది, స్ప్రింగు దాన్ని ముందుకి నెడుతుంది. ఆ కొట్టుడే గేజిలో కనిపిస్తుంది. చూడాల్సింది మధ్య విలువ ఎక్కడికి జారుతోందో.

లోపం పంపుకి ముందుందా, తర్వాతుందా అన్నది తేలాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, దానికి పొడుగు రబ్బరు పైపు తగిలించి, మేనిఫోల్డ్‌కి (ఇంజన్ పొగ బయటికి పోయే వేడి గొట్టాలకి) దూరంగా ఒక సీసాలో పెట్టండి. పైపు కొస పెట్రోల్లో మునిగి ఉండాలి. ఫ్లోట్ చాంబర్లో (కార్బురేటర్లో పెట్రోలు నిలిచే గదిలో) మిగిలిన పెట్రోలుతో ఇంజన్ కాసేపు ఐడిల్‌లో తిరుగుతుంది. నిమిషానికి అర లీటరు చొప్పున రావాలి. గాలి బుడగలు ఆగకుండా వస్తుంటే ట్యాంకు వైపు గాలి పీలుస్తోందని అర్థం. ఆ వైపు పైపు పగిలితే చుక్క కూడా కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. చాలామంది తడి కోసం వెతికి మోసపోయేది ఇక్కడే.

తర్వాత పంపు ఇన్‌లెట్‌కి వేరే డబ్బా నుంచి పెట్రోలు ఇచ్చి అదే పరీక్ష మళ్లీ చేయండి. డబ్బాతో బాగుంటే పంపు జోలికి పోనక్కర్లేదు, ట్యాంకు వైపే చూడాలి: మూత గాలి రంధ్రం, ట్యాంకు లోపలి జాలి, రబ్బరు ముక్కలు. బండి ముక్కడం మొదలవగానే మూత తెరిచి చూడండి, ‘స్స్’మని గాలి లోపలికి పోతే రంధ్రం మూసుకుపోయినట్టే.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన లేకుండా వీటిలో ఏదీ చేయొద్దు.

జవాబు 2:
ఇంజన్ ఆపాక ముల్లు పెరగడం వేరే సంగతి. పంపు మేనిఫోల్డ్ వేడికి దగ్గర్లోనే ఉంటుంది. ఆపాక పంపు వాల్వుకీ నీడిల్ వాల్వుకీ (ఫ్లోట్ చాంబర్లోకి పెట్రోలుని ఆపే సూదికీ) మధ్య చిక్కిన పెట్రోలు కాగి వ్యాకోచిస్తుంది, ఆ ఒత్తిడికి నీడిల్ తోసుకుని చాంబర్ పొంగుతుంది. వాసన అందుకే. నీడిల్ మొన మీద గీత పడిందేమో గోరుతో తడిమి చూడండి. పంపుకీ మేనిఫోల్డ్‌కీ మధ్య సన్నని రేకు అడ్డం పెడితే చాలా తేడా ఉంటుంది.

కిట్ వేసిన పద్ధతి కూడా అడగండి. రెండు భాగాల స్క్రూలు వదులుగా ఎక్కించి, రాకర్ ఆర్మ్ (క్యామ్ తట్టే పంపు చేయి) పూర్తిగా నొక్కి పట్టుకుని, అప్పుడు ఎదురెదురుగా బిగించాలి. అలా చేయకపోతే డయాఫ్రం బిర్రుగా ఉండిపోయి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, త్వరగా చిరుగుతుంది కూడా. పంపు కింద గ్యాస్కెట్లు రెండు మూడు వేసినా తప్పే, స్ట్రోక్ తగ్గిపోతుంది.

పంపుకి చేతి లివర్ ఉంటే, అది ఊరికే ఆడుతోందని కంగారు పడకండి. క్యామ్ ఎత్తు మీద ఆగినప్పుడు అలాగే ఉంటుంది. క్రాంక్‌ని ఒక చుట్టు తిప్పితే పట్టు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చేసి చూశాను. ట్యాంకు నుంచి మొదటి 15 సెకన్లు ధారగా వచ్చి, తర్వాత సన్నబడిపోయింది. బుడగలు లేవు. డబ్బాతో అయితే నిమిషానికి అర లీటరు పైనే, గేజి 2.5 దగ్గరే. మూత తీసినా మార్పు లేదు. ట్యాంకు దగ్గర రబ్బరు ముక్క పైకి నిగనిగలాడుతోంది, నిలువునా కోస్తే లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది.

జవాబు 1:
దొరికిందండీ. పంపు నెమ్మదిగా లాగితే ఆ నాలుక పక్కకి ఉంటుంది, గట్టిగా లాగితే దారికి అడ్డం పడుతుంది. ఆపగానే వెనక్కి వాలుతుంది. ఈ20 పెట్రోల్లో 20 శాతం ఇథనాల్, పాత రబ్బరుకి అది పడదు. ఒక్క ముక్కతో సరిపెట్టకుండా ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా రబ్బరంతా మార్చండి. పైపు మీద ‘ఎస్‌ఏఈ జే30 ఆర్9’ (ఫ్యూయల్ పైపుల ప్రమాణం) అని అచ్చు ఉండాలి. ఊడిన పొర తునకలు ముందుకి పోయి ఉంటాయి కాబట్టి ఫిల్టర్ మళ్లీ మార్చి, పంపు జాలి కడగండి. పంపు ఇన్‌లెట్ పైపు ఊడదీసి స్టీలు లైనుకి వెనక్కి, ట్యాంకు వైపుకి, తక్కువ గాలి కొట్టండి. మూత తీసి ఉంచండి.

ఎలక్ట్రిక్ పంపు సంగతి: అది ట్యాంకు దగ్గర కూర్చుని నెట్టే రకం. పాత రబ్బరు అలాగే ఉండగా పెడితే ఇప్పటిదాకా గాలి పీల్చే పగులు రేపు పెట్రోలు చిమ్ముతుంది. ఇక ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లు ఉండే) బండి పంపు 40 పీఎస్‌ఐ దాకా ఇస్తుంది, సోలెక్స్ నీడిల్ దాని ముందు ఆగదు.

జవాబు 2:
పనిలో పనిగా డిప్‌స్టిక్ వాసన చూడండి. పాత డయాఫ్రం చిరిగి ఉంటే పెట్రోలు సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగి ఆయిల్ పలచబడి ఉంటుంది. లెవెల్ పెరిగి, పెట్రోలు వాసన కొడుతుంటే ఆయిల్ మార్చకుండా బండి తీయొద్దు.