మెయిన్ దించాక కూడా స్టార్టర్ డబ్బాలో షాక్ కొట్టింది, ఎందుకు?

ప్రశ్న (రొయ్యల రైతు, ఆకివీడు దగ్గర):
నమస్కారమండి. మా చెరువు మీద నీళ్ళకి గాలి పట్టించే రెండు హెచ్‌పీ ఏరేటర్లు రెండున్నాయి, దేనికది త్రీఫేజ్ స్టార్టర్. మొదటిదానికి సెల్ స్టార్టర్ (ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసేది) పెట్టించాం. రెండోదానికి మళ్ళీ కొనడం దండగని, మొదటిదాని కాయిల్ (కరెంటు అందితే స్టార్టర్‌ని పట్టి ఉంచే చుట్ట) నుంచి రెండు వైర్లు లాగి రెండోదాని కాయిల్‌కి ఇచ్చేశాను. ఫోన్ చేస్తే రెండూ తిరుగుతున్నాయి. నిన్న ఫోన్‌లో ఆఫ్ చేసి, రెండోదాని మెయిన్ కూడా దించి మూత తీస్తే చెయ్యి జివ్వుమంది. కాళ్ళు బురదలో ఉన్నాయి. కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

జవాబు (మోటారు ఎలక్ట్రీషియన్, భీమవరం):
రెండోదాని పాత కాయిల్ వైర్లు పీకేశారా, అలాగే ఉంచారా? అది ముందు చెప్పండి.

రైతు:
పీకేశానండి.

ఎలక్ట్రీషియన్:
బతికించారు. ఉంచితే ఫేజుకి ఫేజు తగిలి డబ్బా పేలినా పేలేది.

కరెంటు మీరు లాగిన వైర్లలోంచే వచ్చింది. ఫోన్‌తో ఆఫ్ చేస్తే కాయిల్‌కి వెళ్ళే ఒక దారే తెగుతుంది. చాలా స్టార్టర్లలో కాయిల్ రెండో కొస ఎప్పుడూ ఒక ఫేజు మీదే ఉంటుంది. కాయిల్ 415 వోల్టులదైనా, ఆ కొస ముట్టుకుని నేలమీద నిలబడితే మనకి తగిలేది సుమారు 240. రెండోదాని మెయిన్‌కి ఈ వైర్లతో సంబంధమే లేదు.

ఇంకో మాట. రెండో స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) ఇప్పుడు ఉత్త బొమ్మ. ఫ్యాన్‌కి నాచు చుట్టుకుని మోటారు బిగిసిందనుకోండి, ఓవర్‌లోడ్ ట్రిప్ అయినా కాయిల్ వదలదు. కరెంటు దాన్ని తప్పించుకుని నేరుగా కాయిల్‌కి వెళుతోంది కదా. వైండింగ్ కాలిపోతుంది.

రైతు:
మరి ఎలా కలపాలండీ?

ఎలక్ట్రీషియన్:
రెండోదాని కాయిల్‌కి దాని సొంత ఫేజులే, దాని ఓవర్‌లోడ్ గుండానే ఇవ్వాలి. మొదటి కాంటాక్టర్‌కి (కాయిల్ లాగితే మోటారుకి కరెంటు కలిపే స్విచ్) పక్కన ఖాళీగా ఎన్‌ఓ పాయింటు (మామూలప్పుడు తెరిచి ఉండేది) ఉంటే, రెండోదాని కాయిల్ దారిని అందులోంచి తిప్పండి. మొదటిది పట్టుకోగానే అది కలుపుతుంది, రెండోది ఎత్తుకుంటుంది. ఓవర్‌లోడ్ రీసెట్ మాన్యువల్‌లో ఉంచండి, లేకపోతే ట్రిప్ అయినది చల్లారాక తనంతట తానే తిరుగుతుంది.

ఇలా చేసినా రెండోదాని కరెంటు మొదటి డబ్బాలోకి వస్తుంది. అందుకే రెండింటికీ ముందు ఒకే మెయిన్ పెట్టాలి, అది దించితే రెండు డబ్బాలూ చావాలి. జనరేటర్ ఉందా? ఉంటే ఆ మెయిన్ చేంజోవర్ (లైను కరెంటు, జనరేటర్ మార్చే స్విచ్) తర్వాత రావాలి.

రైతు:
ఉందండి. రెండూ ఒక్కసారే ఎత్తుకుంటే దగ్గుతోంది.

ఎలక్ట్రీషియన్:
రెండోదానికి ఐదారు సెకన్ల టైమర్ వేయించండి.

ఇంకో రైతు (కైకలూరు వైపు):
ఆటో మోడ్ (కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరిగేది) సంగతి కూడా చూసుకోండి. నేను చెరువులో దిగి ఫ్యాన్ రెక్క సరిచేస్తుంటే పోయిన కరెంటు వచ్చి మోటారు తిరిగింది. ఆరోజు నుంచి మెయిన్ దించి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాకే దిగుతున్నా.

ఎలక్ట్రీషియన్:
మంచి పని. ఫ్యూజులైతే మూడూ పీకాలి. ఒక్కటే పీకితే మిగతా రెండింటి మధ్య కాయిల్ బతికే ఉండొచ్చు. టెస్టర్ వెలగలేదని నమ్మొద్దు. మీటరు ముందు బతికున్న పాయింటు మీద పెట్టి పనిచేస్తోందో చూసి, ఆ తర్వాత డబ్బాలో చూసి, మళ్ళీ బతికున్నదాని మీద చూడండి. కొత్త మెయిన్ దగ్గరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలకి లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్), బాడీలకి ఎర్తు కూడా పెట్టించండి.

రైతు:
ఈ రాత్రికేం చెయ్యమంటారు? తెల్లవారుజామున గాలి లేకపోతే రొయ్య పైకి తేలుతుంది.

ఎలక్ట్రీషియన్:
రెండు మెయిన్లూ దించి, మీటరుతో చూసి, ఆ వైర్లు రెండు కొసలా ఊడదీయండి. రెండోదాని పాత వైర్లు ఉన్నచోట మళ్ళీ పెట్టించండి, గుర్తులేకపోతే మీరు ముట్టుకోవద్దు. ఈ రాత్రికి ఒకరు గట్టు మీద పడుకుని బటన్ నొక్కితే సరి.