చర్చ: ముప్పై ఏళ్లు కోర్టులో వాదించిన న్యాయవాది ఆర్బిట్రేటర్‌గా కూర్చుంటే ఎవరికి మేలు?

గుంటూరు జూనియర్:
మా సీనియర్ గారు కొత్త వకాల్తాలు తీసుకోవడం ఆపేశారు. ఇకపై ఆర్బిట్రేషన్లే చూస్తారట, అంటే కోర్టు బయట మధ్యవర్తిగా (ఆర్బిట్రేటర్‌గా) కూర్చుని తగాదాలపై తీర్పు చెబుతారట. సరుకుల సరఫరా తగాదాలు, భాగస్వామ్య వివాదాలు, వాహన రుణాలు, ఫ్లాటు కొనుగోళ్లు, అన్నీ. దీని మీద మా బార్‌లో వాదన నడుస్తోంది. ఇది మంచి మార్పని నా గట్టి నమ్మకం. 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం సివిల్ ప్రొసీజర్ కోడ్ గానీ, సాక్ష్య చట్టం గానీ ఆర్బిట్రేటర్‌ను కట్టిపడేయవు. అంత స్వేచ్ఛ ఉన్న కుర్చీలో, ఏ సాక్షి నేర్పిన పాఠం అప్పజెబుతున్నాడో, ఏ రసీదు తర్వాత పుట్టిందో పసిగట్టగల మనిషే ఉండాలి. ఏళ్ల తరబడి క్రాస్ ఎగ్జామినేషన్ చేస్తేనే ఆ చూపు వస్తుంది. మీరేమంటారు?

విజయవాడ వ్యాపారి:
ఆ చూపుతోపాటు వాయిదాల అలవాటూ వస్తుందండీ. నేను ఇనుము, సిమెంటు సరఫరా చేస్తాను. ఒక కాంట్రాక్టరుతో తగాదా వస్తే పేరున్న న్యాయవాదినే ఆర్బిట్రేటర్‌గా పెట్టుకున్నాం. ఇరుపక్షాల వకీళ్లకూ పగలంతా కోర్టు పని. సాయంత్రం కూర్చునేవారు, కాసేపటికే వాయిదా పడేది. గొడవంతా ఇనుప కమ్మీల నాణ్యత గురించి. ల్యాబ్ రిపోర్టు చదవగల ఇంజనీరైతే ఎప్పుడో తేల్చేవారు. ఇక ఖర్చు చూడండి. చట్టం నాలుగో షెడ్యూల్‌లోని నమూనా లెక్కన 20 లక్షల వివాదానికి ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే ఫీజే 1,21,875 రూపాయలు. వకీలు ఫీజు దానికి అదనం.

గుంటూరు జూనియర్:
సాంకేతిక విషయమైతే 26వ సెక్షన్ కింద నిపుణుడిని నియమించమని మీరే అడగవచ్చు కదండీ. దేశీయ వివాదాల్లో ఇరుపక్షాల వాదపత్రాలు పూర్తయ్యాక 12 నెలల్లో అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, ఇవ్వాలి. పక్షాలు ఒప్పుకుంటే మరో 6 నెలలు. ఆపైన కోర్టు పొడిగించాల్సిందే. ఆలస్యం ఆర్బిట్రేటర్ వల్లే జరిగిందని తేలితే నెలకు 5 శాతం వరకు ఫీజు కోయవచ్చు.

విజయవాడ వ్యాపారి:
మళ్లీ అదే ఆర్బిట్రేటర్‌తో పని పడుతుందేమోనని భయపడే ఊళ్లో, ఫీజు కోయమని ఏ వకీలు అడుగుతాడు?

హైదరాబాద్ న్యాయవాది (వినియోగదారుల కేసులు):
మీరిద్దరూ ఆర్బిట్రేటర్ ఎలాంటివారన్నదే చూస్తున్నారు. నేను చూసేది, ఆయన్ను అక్కడ కూర్చోబెట్టింది ఎవరన్నది. ఇద్దరు వ్యాపారులు కూర్చుని, మాట్లాడుకుని, ఒక సీనియర్ న్యాయవాదిని ఎంచుకుంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. వాయిదాలంటారా, అవి వాళ్లు తెలిసి మోసే భారం. వాహన రుణం తీసుకున్న మనిషి సంగతి అలా కాదు. చిన్న అక్షరాల ఇంగ్లీషు ఒప్పందంలో చూపించిన చోటల్లా సంతకం పెడతాడు. వివాదం వస్తే ఆర్బిట్రేటర్‌ను కంపెనీయే నియమిస్తుందని అందులోనే ఉంటుంది. అలాంటి నియామకం చెల్లదని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తేల్చింది. ఫలితం మీద ఆసక్తి ఉన్నవారు ఏకైక ఆర్బిట్రేటర్‌ను ఎంచుకోకూడదు. 2024లో రాజ్యాంగ ధర్మాసనం ఈ సూత్రాన్ని ఇంకా బలపరిచింది. అయినా ఆ తరహా నోటీసులు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి.

మీ సీనియర్ గారి నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ ఒకే కంపెనీ పదేపదే పిలుస్తుంటే, ఎంత నిజాయితీపరుడైనా ఆ కంపెనీ కాగితాల భాషకు అలవాటు పడిపోతారు. అందుకే 2015 సవరణతో వచ్చిన అయిదో షెడ్యూల్, గత మూడేళ్లలో అదే పక్షం రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు నియమించి ఉంటే దాన్ని సందేహించదగిన విషయంగా చెబుతుంది. దాన్ని ముందే రాతపూర్వకంగా వెల్లడించాలి. ఎంతమంది వెల్లడిస్తున్నారు?

ఫ్లాటు కొన్నవారికి మరో దారి ఉంది. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని ఎమ్మార్ ఎంజీఎఫ్ వర్సెస్ అఫ్తాబ్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే అక్కడ ఫీజే లేదు. ఆ కమిషన్లలోనూ ఆలస్యముంది, ఖాళీలున్నాయి. కానీ అక్కడ కూర్చున్నవారిని ఎదుటి పక్షం ఎంచుకోలేదు. పైగా జిల్లా కమిషన్ తీర్పు నచ్చకపోతే రాష్ట్ర కమిషన్‌లో అప్పీలు చేసుకోవచ్చు. ఆర్బిట్రేటర్ అవార్డు మీద అలాంటి అప్పీలు లేదు. అవార్డును కొట్టేయమని 34వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లినా సాక్ష్యాలను మళ్లీ తూచరు.

అనంతపురం లారీ యజమాని:
ఆయన చెప్పినదే నాకు జరిగింది. రెండు కిస్తీలు తప్పాక వేరే రాష్ట్రం నుంచి ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. ఫైనాన్స్ వాళ్ల బెదిరింపు ఉత్తరం అనుకుని పక్కన పెట్టాను. ఇప్పుడు ఏకంగా కోర్టు నుంచి ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ) కాగితాలు, అంటే అవార్డును అమలు చేయించమని వేసినవి, వచ్చాయి. నేను లేకుండానే అవార్డు ఇచ్చేశారట. అప్పుడు మాట్లాడలేదు కాబట్టి ఇక నాకు దారి లేదా?

గుంటూరు జూనియర్:
ఇలాంటి రుణ వివాదాల్లో కంపెనీ ఒక్కటే నియమిస్తే ఒప్పుకోవద్దని మా సీనియర్ గారిని నేరుగా అడుగుతాను. వ్యాపార వివాదాల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

హైదరాబాద్ న్యాయవాది (వినియోగదారుల కేసులు):
లారీ యజమాని గారూ, మీ మౌనం ఆ నియామకానికి అంగీకారం కాదు. చట్టం అనర్హుడన్న ఆర్బిట్రేటర్‌ను ఒప్పుకోవాలంటే, వివాదం మొదలైన తర్వాత ఇరుపక్షాలూ స్పష్టంగా రాసుకోవాలని 12(5) సెక్షన్ చెబుతోంది. మీరు అలాంటిదేమీ రాయలేదు కదా? అవార్డును సవాలు చేయడానికి గడువు 3 నెలలు, తగిన కారణం చూపితే మరో 30 రోజులు, అంతే. అయితే ఆ లెక్క అవార్డు రాసిన రోజు నుంచి కాదు, ఆర్బిట్రేటర్ సంతకమున్న ప్రతి మీకు అందిన రోజు నుంచి మొదలవుతుంది. అది మీకు అసలు అందిందా? పోస్టు కవర్లు ఒక్కటీ పారేయకండి, వాటి మీద తేదీలుంటాయి. ఈపీ వాయిదా ఎప్పుడో చూసుకుని, ఆ లోపే కాగితాలన్నీ తీసుకుని అనంతపురంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. అర్హత ఉంటే న్యాయవాదిని ఉచితంగా ఇస్తారు.