30 డిగ్రీలు, 60 డిగ్రీలు... బంతి ఒకే దూరంలో ఎట్లా పడుతుంది?

మట్టెవాడ షాపాయన:
మావోడు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. సెకనుకు 20 మీటర్ల వేగంతో బంతిని 30 డిగ్రీల కోణంలో విసిరినా, 60లో విసిరినా ఒకే దూరంలో పడుతుందట. ఎందుకురా అంటే "సైన్ టూ తీటా నాన్నా" అని తప్పించుకుంటున్నాడు. నాకు టెన్త్ లెక్కలే వచ్చు. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలు బౌండరీ నుంచి కీపర్‌కు నేలబారుగానే విసురుతారు. రెండూ ఒకటే అయితే ఎత్తి విసరొచ్చు కదా?

కాజీపేట ట్యూషన్ సార్:
అన్నా, గాలిని పక్కన పెడితే బంతిని లాగేది భూమి ఒక్కటే, అదీ కిందికే. ముందుకు పోయే వేగం జోలికి ఎవరూ రారు. అందుకే వేగాన్ని రెండుగా విడదీస్తాం. పుస్తకంలో క్షితిజ సమాంతర అంశం, లంబ అంశం అని ఉంటుంది. నేను అడ్డం, నిలువు అంటాను.

30 డిగ్రీలకు అడ్డం 17.3 (20 × కాస్ 30), నిలువు 10 (20 × సైన్ 30). గురుత్వ త్వరణం 10 అనుకుంటే నిలువు వేగం సెకనుకు 10 తగ్గుతుంది. అంటే ఎక్కడానికి ఒక సెకను, దిగడానికి ఇంకొకటి. ఆ రెండు సెకన్లలో ముందుకు 34.6 మీటర్లు. 60కి అవే అంకెలు తారుమారు: నిలువు 17.3, అడ్డం 10. గాల్లో 3.46 సెకన్లు, మళ్లీ 34.6 మీటర్లే. తీటా అంటే విసిరే కోణం; సైన్ టూ తీటాలో ఉన్నది ఈ అడ్డం, నిలువుల గుణకారమే.

మీవాణ్ని ఒకటడగండి: బంతి అన్నిటికన్నా ఎత్తులో ఉన్నప్పుడు వేగమెంత? సున్నా అంటే మార్కులు పోయినట్టే. సున్నా అయ్యేది నిలువు వేగమే. అడ్డం వేగం కూడా ఆగిపోతే బంతి అక్కణ్నుంచి నిట్టనిలువుగా రాలాలి కదా!

లాంగాన్ ఫీల్డర్:
దూరం ఒకటే గానీ టైమ్ ఒకటి కాదు అంకుల్. మీరు ఎత్తి విసిరితే బంతి దాదాపు ఒకటిన్నర సెకను లేటు. అంతలో బ్యాట్స్‌మన్ సగం పిచ్ దాటేస్తాడు, ఇక రనౌట్ ఎక్కడిది? పైగా గ్రౌండ్‌లో గాలి ఉంటుంది, ఎత్తి విసిరిందే ఇంకా తక్కువ దూరంలో పడుతుంది.

కాజీపేట ట్యూషన్ సార్:
కరెక్ట్. చదును నేల మీద 45 డిగ్రీలకే అన్నిటికన్నా ఎక్కువ దూరం. ఆ 45కి అటూ ఇటూ సమానంగా ఉండే కోణాలకు దూరం ఒకటేనని గెలీలియో 1638లోనే జ్యామితితో చూపించాడు. అదీ గాలి లేదనుకునే.

మట్టెవాడ షాపాయన:
ఇప్పుడు తెలిసింది సార్. మరి మేడ మీది నుంచి రోడ్డు మీదికి విసిరినా 45కేనా ఎక్కువ దూరం?

కాజీపేట ట్యూషన్ సార్:
కాదు, 45 కన్నా తక్కువకు. మేడ ఎత్తు దిగడానికి ఎలాగూ కొంత టైమ్ దొరుకుతుంది కాబట్టి, వేగంలో ఎక్కువ వాటా అడ్డానికి ఇస్తేనే లాభం. కోణం ఎంతో మీవాణ్ని లెక్క కట్టమనండి.